మాత్ర ఆపి, బిడ్డను కని, మళ్ళీ మాత్ర మొదలుపెట్టే దాకా: నా అనుభవం

2021 డిసెంబరులో హైదరాబాద్‌లో నాకు ఎడమ రొమ్ములోని క్యాన్సర్ గడ్డ తీసేశారు. అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. పెళ్లయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. మాది హనుమకొండ. నేను ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెప్తాను. మా ఆయన ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు చూస్తారు. ఇప్పుడు 2026 మే. మా పాపకు నాలుగు నెలలు. మధ్యలో జరిగిందంతా వరసగా రాస్తున్నాను. క్యాన్సర్ తర్వాత బిడ్డను కనడం గురించి నేను వెతికిన రోజుల్లో తెలుగులో డాక్టర్ల సలహాలు దొరికాయి కానీ, ఆ ఇంజెక్షన్లు వేసుకుని, ఆ రిపోర్టుల కోసం కూర్చున్న మనిషి మాట ఒక్కటీ దొరకలేదు.

ఆపరేషన్ కుట్లు పూర్తిగా మానకముందే రిపోర్టు పట్టుకుని కీమో డాక్టర్ దగ్గరికి వెళ్లాం. నాది హార్మోన్లతో పెరిగే రకం క్యాన్సర్. ఆరు నెలల కీమో, ఆ తర్వాత రేడియేషన్, ఆపైన ఐదు నుంచి పదేళ్లు, ఆ హార్మోన్ పని చెయ్యకుండా అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్ర అని ఆయన చెప్తూ పోయారు. చివర్లో తలెత్తి, "పిల్లలున్నారా అమ్మా?" అన్నారు. లేరన్నాను. "కావాలనుకుంటున్నారా?" అన్నారు. నేను మా ఆయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశారు. ప్రాణం సంగతే తేలని రోజున అవునని చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు. డాక్టరే మళ్ళీ చెప్పారు. కీమోలో ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్ అండాశయాలను దెబ్బతీస్తుందట. తర్వాత నెలసరి తిరిగి వస్తుందో రాదో ముందే చెప్పలేమట. కీమో మొదలుపెట్టడానికి ఇంకా కొన్ని వారాల టైముంది కాబట్టి, ఈలోపే అండాలు తీసి దాచుకోవడానికి ఫర్టిలిటీ డాక్టర్‌ను కలవమని చీటీ రాసిచ్చారు.

ఆ చీటీ ఎంత పెద్దదో తర్వాత కీమో వార్డులో తెలిసింది. నా పక్క కుర్చీలో మంచిర్యాల నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. నాకంటే చిన్నది, పెళ్లి కాలేదు. అండాలు దాచుకోవచ్చని ఆమెకు ఎవ్వరూ చెప్పలేదు. పెళ్లి కానివాళ్లకు కూడా అవుతుందని నేను చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. అప్పటికే ఆమెకు సగం కీమో అయిపోయింది. ఆ రోజు నుంచి ఎవరింట్లో చిన్నవయసు ఆడపిల్లకు క్యాన్సర్ అని విన్నా, కీమోకు ముందే ఈ ప్రశ్న అడగమని నేనే ఫోన్ చేసి చెప్తున్నాను.

ఇంట్లో ఒప్పించడం తేలిక కాలేదు. నర్సంపేట నుంచి వచ్చిన అమ్మ ఒకటే మాట: "ముందుగాల నీ పానం మంచిగుండాలె బిడ్డా. పిల్లల ముచ్చట తర్వాత." ఈ సూదులతో క్యాన్సర్ మళ్ళీ పెరుగుతుందేమోనని ఆమె భయం. ఆ భయం నాకూ ఉంది. అత్తమ్మ మాత్రం ఏమీ అనలేదు. మా ఆయనను పక్కకు పిలిచి, "దాని ఇష్టం ఎట్లుంటే అట్ల చెయ్యుండ్రి, పైసల కోసం ఆగకుండ్రి" అందట. ఆ మాట నేను మరచిపోను.

ఫర్టిలిటీ డాక్టర్ మొదటి రోజే స్కానింగ్ చేసి, ఏఎంహెచ్ రక్తపరీక్ష రాశారు. అండాశయాల్లో ఇంకా అండాల నిల్వ ఎంతుందో దాన్ని బట్టి అంచనా వేస్తారు. మామూలుగా నెలసరి రెండో రోజు నుంచి ఇంజెక్షన్లు మొదలుపెడతారట. నాకు ఆగే టైము లేదు కాబట్టి ఏ రోజున్నామో ఆ రోజు నుంచే మొదలుపెట్టారు. ఇంజెక్షన్లతో పాటు రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకోమన్నారు. అది కూడా రొమ్ము క్యాన్సర్‌కు వాడే మందే. ఇంజెక్షన్ల వల్ల ఒంట్లో ఈస్ట్రోజన్ హార్మోన్ మరీ పెరగకుండా అడ్డుపడుతుందని విన్నాక అమ్మ భయం కొంత తగ్గింది, నాదీ తగ్గింది.

ఉప్పల్‌లో చిన్నమ్మ వాళ్లింట్లో ఉన్నాం. ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లో పెట్టాలి, కానీ గడ్డకట్టకూడదు. చిన్నమ్మ ఒక అరలో పాలు, పెరుగు అన్నీ తీసేసి వాటికి చోటిచ్చింది. పొట్ట మీద సూది వేసుకోవడం మొదటి రెండు రోజులు భయమైంది, తర్వాత నేనే వేసుకున్నాను. క్లినిక్‌లో ప్రతిసారీ ఇబ్బంది పెట్టింది మాత్రం ఎడమ చెయ్యి. చంకలో గ్రంథులు తీశారు కాబట్టి ఆ చేతికి బీపీ పట్టీ కట్టొద్దు, రక్తం తియ్యొద్దు అని సర్జన్ చెప్పారు. నర్సులు మారిన ప్రతిసారీ ఎడమ చెయ్యే ముందు పట్టుకునేవాళ్లు. చివరికి మణికట్టు మీద పెన్నుతో "ఈ చెయ్యి వద్దు" అని రాసుకుని పోయేదాన్ని. మత్తు ఇచ్చే రోజు అది మరీ అవసరం, ఎందుకంటే అప్పుడు మనం చెప్పలేం.

అది 2022 జనవరి, ఒమిక్రాన్ రోజులు. అండాలు తీసే ముందు మా ఇద్దరికీ ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్ రావాలన్నారు. చిన్నమ్మ కొడుకుకు జలుబు చేస్తే నేను గదిలోంచి బయటికి రాలేదు. పాజిటివ్ వస్తే ఇది ఆగుతుంది, కీమో కూడా వెనక్కి పోతుంది. అన్ని టెన్షన్లలో ఆ ఒక్క రాత్రి టెన్షనే ఎక్కువ. చివరి ఇంజెక్షన్ రాత్రి ఏ టైముకు వేసుకోవాలో నిమిషంతో సహా చెప్పారు, దాని తర్వాత ముప్పై ఆరు గంటలకు అండాలు తీశారు. మత్తులో ఏమీ తెలియలేదు. లేచాక పొట్ట ఉబ్బరం, పట్టేసినట్టు నొప్పి నాలుగైదు రోజులున్నాయి. పదకొండు అండాలు వచ్చాయన్నారు. సంతోషపడ్డాం. ఆ సంఖ్య తగ్గుతూ పోతుందని మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు. కొన్ని పక్వం కాలేదు, కొన్ని ఫలదీకరణ చెందలేదు, ఐదో రోజుకు ఫోన్ వచ్చేసరికి మూడు ఎంబ్రియోలు, అంటే తొలిదశ పిండాలు, మిగిలాయి. అవే ఫ్రీజ్ చేశారు. పదకొండు విని మూడు అనుకోవడానికి మనసు సిద్ధంగా ఉంటే ఆ ఫోన్ అంత బరువనిపించదు.

ఫ్రీజింగ్‌కు సంతకాలు పెట్టిన రోజు గురించి చెప్పాలి. ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలకు సంబంధించిన ఏఆర్‌టీ చట్టం ఆ నెలలోనే అమల్లోకి వచ్చింది. ఆధార్లు, పెళ్లి రుజువు, ఫొటోలు, ఇద్దరి సంతకాలు అన్నీ అడిగారు. ఎంబ్రియోలను పదేళ్లకు మించి ఉంచరని చదివి వినిపించారు. తర్వాత ఒక పేజీలో, దంపతుల్లో ఒకరు చనిపోతే ఎంబ్రియోలను ఏం చేయాలి అని ఉంది. బతికున్నవాళ్లు వాడుకోవచ్చా, పరిశోధనకు ఇవ్వాలా, నాశనం చేయాలా, ఒకటి టిక్కు పెట్టాలి. ఇది అందరికీ ఇచ్చే కాగితమే. కానీ వారం తిరిగితే కీమోకు పోయే మనిషికి ఆ గడి మామూలు గడి కాదు. మా ఆయన పెన్ను పట్టుకోలేదు, లేచి బయటికి వెళ్లిపోయారు. నేనే టిక్కు పెట్టాను. ఏది పెట్టానో ఆయన ఇప్పటికీ అడగలేదు, సంతకం మాత్రం చేశారు. మీరు వెళ్తే ఆ కాగితాలను ముందు రోజే ఇంటికి తెచ్చుకుని మాట్లాడుకోండి. కౌంటర్ దగ్గర నిలబడి మాట్లాడుకునే విషయం కాదది.

డబ్బు సంగతి. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఆరోగ్యశ్రీలో అయ్యాయి. ఇది అందులో లేదు. ఇంజెక్షన్లు, అండాలు తీయడం, ఫ్రీజింగ్ కలిపి రెండు లక్షలు దాటింది. నా పెళ్లి హారం కుదువబెట్టాం. ఎంబ్రియోలను ఉంచినందుకు ఏటా పాతిక వేలు వేరే. ఈ రెండోది చాలామంది లెక్కలో వేసుకోరు. నాలుగేళ్లు అయ్యేసరికి అదే లక్ష.

ఫిబ్రవరిలో కీమో మొదలైంది. కీమో కష్టాలు రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను మళ్ళీ రాయను. అండాశయాలు నిద్రలో ఉండేలా నెలకోసారి లూప్రోలైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, ఒక్కోటి నాలుగు వేల పైనే. దాంతో ముప్పై ఏళ్లకే ముట్లు ఆగిన వయసు వచ్చేసింది. చలికాలంలో కూడా ఒంట్లోంచి వేడి ఆవిర్లు. సెప్టెంబరుకు రేడియేషన్ కూడా ముగిసి టామోక్సిఫెన్ మొదలైంది. నెలకు రెండు వందలు కూడా కాని మాత్ర. అది వేసుకుంటున్నంత కాలం గర్భం రాకూడదు, బిడ్డకు ప్రమాదం.

తర్వాత రెండేళ్లు బయటికి చూస్తే ఏమీ జరగలేదు. జుట్టు వచ్చింది, 2023 వేసవికి నెలసరి వచ్చింది, స్కూలుకు పోయాను. లోపల మాత్రం రోజూ జరుగుతూనే ఉంది. బతుకమ్మ దగ్గర కొత్తవాళ్లెవరో "ఎంతమంది పిల్లలమ్మా" అని అడుగుతారు. తెలిసినవాళ్లు ఇంకోలా బాధపెడతారు. మా వీధిలో సీమంతం జరిగితే నన్ను పిలవలేదు, నాకు బాధ కలుగుతుందని ఆగామన్నారు. పిలవనందుకే నాకు బాధ కలిగింది.

2024 మొదట్లో మాత్ర ఆపడం గురించి కీమో డాక్టర్‌ను అడిగాను. ఆయన 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పాజిటివ్ అనే అధ్యయనం గురించి చెప్పారు. నా లాంటి హార్మోన్ రకం క్యాన్సర్ వచ్చిన ఐదు వందల మందికి పైగా ఆడవాళ్లు, అందరూ నలభై రెండేళ్లలోపు వాళ్లు, ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు మాత్ర వాడాక గర్భం కోసం రెండేళ్ల దాకా ఆపారు. మూడేళ్లలో జబ్బు తిరగబెట్టినవాళ్లు వాళ్లలో నూటికి దాదాపు తొమ్మిది మంది. మాత్ర ఆపకుండా వాడిన వాళ్లలోనూ ఇంచుమించు అంతే. "కానీ ఇది మూడేళ్ల లెక్కే అమ్మా. మీ రకం క్యాన్సర్ పదేళ్ల తర్వాత కూడా రావచ్చు. ఆ లెక్క ఇంకా రాలేదు" అన్నారు. దాచకుండా చెప్పినందుకే నాకు ధైర్యం వచ్చింది. రెండేళ్లు నిండాక, ఆ సెప్టెంబరులో ఆపుదామన్నారు.

అసలు తిప్పలు ఇక్కడ మొదలయ్యాయి. ఫర్టిలిటీ వాళ్లేమో "ఆంకాలజిస్ట్ లెటర్ తెండి" అన్నారు, అంటే మా కీమో డాక్టర్ లెటర్. లెటర్ తీసుకెళ్లాను. అందులో "గర్భానికి అభ్యంతరం లేదు" అని ఒక్క లైను. అది చాలదన్నారు. మళ్ళీ వెళ్తే డాక్టర్ ఊళ్లో లేరు, రెండు వారాలు. ఇద్దరూ మంచి డాక్టర్లే, కానీ ఇద్దరి మధ్య నడిచే మనిషిని నేనే. ఒకరు చెప్పింది ఇంకొకరికి నా నోటితో చెప్తుంటే ఏ మాట తప్పు పోతుందోనని భయం. చివరికి లెటర్‌లో ఏం కావాలో ఫర్టిలిటీ డాక్టర్ దగ్గరే ఒక కాగితం మీద రాయించుకున్నాను: క్యాన్సర్ ఏ స్టేజి, ఏ హార్మోన్లకు పాజిటివ్, చివరి స్కాన్ ఎప్పుడు, ఎలా ఉంది, ఈస్ట్రోజన్ మందులు ఇవ్వొచ్చా, ప్రొజెస్టిరాన్ ఇవ్వొచ్చా, మాత్ర ఎంతకాలం ఆపొచ్చు, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి, గుండెకు ఎకో చేయించారా. నా కీమోలో గుండె మీద ప్రభావం చూపే మందు ఉంది కాబట్టి ఆ చివరిది. ఆ కాగితం చూపిస్తే ఆంకాలజిస్ట్ పది నిమిషాల్లో లెటర్ రాసిచ్చారు. ఎవరైనా ఈ దారిలో పోతుంటే ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్లండి, మీకు ఆ తిరుగుడు తప్పుతుంది.

మాత్ర ఆపిన మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. రెండేళ్లు ఆ మాత్రే నన్ను కాపాడుతోందనుకున్నాను. ఒంట్లోంచి అది పూర్తిగా పోవడానికి మూడు నెలలు ఆగాలి. ఆ మూడు నెలలు మాత్ర లేదు, గర్భమూ లేదు. ఊరికే ఆగడమే.

డిసెంబరులో మామోగ్రామ్, పొట్ట స్కానింగ్, ఎకో అన్నీ బాగున్నాయి. అయితే గర్భసంచిలో పాలిప్, అంటే చిన్న కండ, కనబడింది. టామోక్సిఫెన్ వాడేవాళ్లలో ఇలా వస్తుందట. 2025 జనవరిలో హిస్టెరోస్కోపీ చేసి, అంటే గర్భసంచిలోకి సన్నటి కెమెరా గొట్టం పంపి, దాన్ని తీసి బయాప్సీకి పంపారు. బయాప్సీ అన్న మాట వింటేనే నాకు చేతులు చల్లబడతాయి. పది రోజులకు మామూలుదేనని రిపోర్టు వచ్చింది.

బస్సుల గురించి ఒక మాట. 2022లో ఉప్పల్ దాకా టికెట్టే మాకు బరువయ్యేది. 2023 డిసెంబరు నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కావడంతో ఈసారి తిరుగుడు కొంత తేలికైంది. మధ్యమధ్య స్కానింగులు హనుమకొండలోనే చేయించి రిపోర్టు ఫోన్లో పంపమన్నారు. అడిగితేనే ఒప్పుకున్నారు, కాబట్టి అడగండి.

ఫిబ్రవరిలో మొదటి ట్రాన్స్‌ఫర్, అంటే ఒక ఎంబ్రియోను గర్భసంచిలో పెట్టడం. ఈస్ట్రోజన్ మాత్రలు ఇవ్వకుండా లెట్రోజోల్‌తో అండం పెరగనిచ్చి, దాన్ని బట్టి రోజు నిర్ణయించారు. మత్తు అక్కర్లేదు, నొప్పి లేదు. నిండా నీళ్లు తాగి పడుకోవాలి, మూత్రం ఆపుకోవడమే కష్టం. తెరమీద తెల్లటి చుక్క చూపించారు. ఖర్చు అరవై వేలు. సాయంత్రం రైల్లో కాజీపేట వచ్చేశాం. నెల రోజులు మంచం దిగొద్దని అమ్మ, మామూలుగా తిరగమని డాక్టర్. నేను డాక్టర్ మాటే విన్నాను.

రెండు వారాలకు, గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ పరీక్షకు చౌరస్తా దగ్గర ల్యాబ్‌లో రక్తం ఇచ్చాను. మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో ఉండగా ఫోన్‌కు రిపోర్టు వచ్చింది. నెగెటివ్. ఎనిమిదో తరగతికి పీరియడ్ ఉంది, వెళ్లి పాఠం చెప్పాను. ఇంటికొచ్చాక ఏడ్చాను. కారణం ఏమిటని అడిగితే, మంచి ఎంబ్రియో కూడా అన్నిసార్లూ నిలవదని డాక్టర్ చెప్పారు. ఐవీఎఫ్ చేయించుకునే వేరేవాళ్లకు ఇది ఒక దుఃఖం. నాకు దాని పక్కన ఇంకో లెక్క ఉంది. పోయిన ప్రతి నెలా మాత్ర లేని నెల. ఏ కొంచెం వెన్నునొప్పి వచ్చినా ఎముకలకు పాకిందేమో అనిపించేది. ఆ రోజుల్లోనే చెల్లె ఫోన్ చేసి, "అక్కా, అవి కూడా నిలవకపోతే నా అండాలు తీసుకో" అంది. దానికి ఒక బాబున్నాడు. నాకు మాట రాలేదు. డాక్టర్‌ను అడిగితే అండదానం బ్యాంకు ద్వారానే జరగాలి, ఇచ్చేవాళ్లెవరో తెలియకూడదు, చెల్లెలి నుంచి నేరుగా తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు అన్నారు. అది అడిగిందన్నదే నాకు చాలు.

ఏప్రిల్ ఆఖర్లో రెండోది పెట్టారు. ఈసారి ఎవ్వరికీ చెప్పలేదు, అమ్మకు కూడా. మే నెల ఎండల్లో ల్యాబ్‌కు నడిచి వెళ్లాను. పాజిటివ్. రెండు రోజులకు మళ్ళీ పరీక్ష, సంఖ్య రెట్టింపైంది. గుండె చప్పుడు వినబడ్డాకే అమ్మకు చెప్పాం. ఆమె సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, మొక్కుకుంది.

మొదటి నెలల్లో రోజుకు మూడుసార్లు ప్రొజెస్టిరాన్, వాంతులు, అన్నీ అందరికీ ఉన్నట్టే. నాకు వేరేగా జరిగింది ఆరో నెలలో. స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో గట్టిగా తగిలింది. 2021లో తగిలినట్టే. ఆదివారం, ఎవరూ లేరు. సోమవారం ఇక్కడి డాక్టర్ చూసి, పాలు తయారవుతూ అలా ఉండొచ్చు, కానీ మీ విషయంలో ఊహించుకోకూడదు అని అల్ట్రాసౌండ్ రాశారు. ఆ రెండు రాత్రులు కడుపులో పాప కదులుతుంటే నాకు సంతోషం రాలేదు, దీన్ని ఎవరు పెంచుతారని లెక్కలు వేసుకున్నాను. అల్ట్రాసౌండ్‌లో పాలగ్రంథుల వాపు మాత్రమే అని తేలింది. రిపోర్టును ఫోన్లో హైదరాబాద్ డాక్టర్‌కు పంపితే ఆయనా అదే చెప్పారు. కడుపుతో ఉన్నప్పుడు గడ్డ తగిలితే కాన్పయ్యే దాకా ఆగొద్దు. అల్ట్రాసౌండ్, అవసరమైతే సూది పరీక్ష అప్పుడూ చేస్తారు.

సంక్రాంతి ముందు ఆపరేషన్ చేసి పాపను తీశారు, రెండు కిలోల ఎనిమిది వందలు. ఎడమ రొమ్ముకు రేడియేషన్ అయింది కాబట్టి అటు నాలుగు చుక్కలు కూడా రాలేదు. కుడివైపు పాలు బాగానే వచ్చాయి. "ఒక్కదిక్కు పాలు సాల్తయా" అని చూడవచ్చిన ప్రతి ఒక్కరూ అడిగారు. మొదటి నెల దాదాపు సరిపోయాయి, తర్వాత డబ్బాపాలు కలిపాం. మేడారం జాతరకు అమ్మ ఒక్కతే వెళ్లి మొక్కు తీర్చుకుంది, పచ్చి బాలింతను ఆ రద్దీలోకి రానివ్వలేదు.

మూడు నెలలు పాలిచ్చి ఆపేశాను, ఎందుకంటే టామోక్సిఫెన్ వాడుతూ పాలివ్వకూడదు. ఇంకొన్నాళ్లు ఇవ్వాలని మనసు పీకింది. డాక్టర్‌ను అడిగాను కూడా. మాత్ర ఆపి ఏడాదిన్నర దాటింది, ఇక చాలు అన్నారు. పాలు ఆగడానికి మందు ఇచ్చారు, వారం రోజులు రొమ్ము సలపరం, జ్వరం. పాప డబ్బాపాలకు త్వరగానే అలవాటు పడింది. నేనే పడలేదు.

ఏప్రిల్‌లో మాత్ర మళ్ళీ మొదలైంది, వేడి ఆవిర్లూ మొదలయ్యాయి. ఆపిన కాలాన్ని కలపకుండా మిగిలిన ఏళ్లు పూర్తిగా వాడాలి. మూడో ఎంబ్రియో ఇంకా హైదరాబాద్‌లోనే ఉంది. దానికి రెన్యువల్ మెసేజ్ పోయిన వారం వచ్చింది. రెండో బిడ్డ కోసం మళ్ళీ మాత్ర ఆపే ధైర్యం నాకు లేదు, వద్దని చెప్పే ధైర్యమూ లేదు. ఈ ఏడాదికి పాతిక వేలు కట్టాం. హారం ఇంకా విడిపించలేదు. తర్వాతి మామోగ్రామ్ అక్టోబరులో.